తరగతి దాటవేత: ‘డబుల్ ప్రమోషన్’ నుంచి ‘వయసుకు తగిన తరగతి’ వరకు – సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంత నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలివైన పిల్లవాణ్ని ఒక తరగతి దాటించి పై తరగతిలో కూర్చోబెట్టవచ్చా అన్న ప్రశ్న తెలుగు కుటుంబాల్లో ‘డబుల్ ప్రమోషన్’ అన్న మాటతో చాలాకాలంగా వినిపిస్తున్నది. సాధారణంగా దీన్ని ఒక కుటుంబపు కోరికగా, ఒక ప్రధానోపాధ్యాయుని విచక్షణగా మాత్రమే చూస్తారు. తరగతి దాటవేతకు తెలుగునాట రెండు వేర్వేరు చరిత్రలున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. మొదటిది ప్రతిభావంతులకు దక్కిన మినహాయింపు చరిత్ర. రెండవది చదువు కోల్పోయిన స్త్రీలకు, పనిలో ఉన్న పిల్లలకు సంవత్సరాలను తిరిగి ఇచ్చే ప్రయత్నపు చరిత్ర. 1823 నాటి బళ్లారి నివేదిక మొదలుకొని 2009 విద్యాహక్కు చట్టం వరకు ఈ రెండు పాయలను పరిశీలించి, వలస కార్మికుల పిల్లలు, ఉద్యోగుల పిల్లలు పక్కపక్కనే చదివే సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో ఈ నిర్ణయం ఏ ప్రాతిపదికన జరగాలో చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: డబుల్ ప్రమోషన్, తరగతి, వయసు, వీధిబడి, సంక్షిప్త విద్యాక్రమం, బ్రిడ్జి కోర్సు, విద్యాహక్కు చట్టం, పటాన్‌చెరు.

1. ఉపోద్ఘాతం

బడిలో చేరిన ప్రతి బిడ్డ ఏడాదికొక తరగతి చొప్పున పైకి వెళ్లడం మనకు ప్రకృతి నియమం లాగా కనిపిస్తుంది. ఐదో ఏడో ఆరో ఏడో ఒకటో తరగతి, పదిహేనో ఏడు దరిదాపుల్లో పదో తరగతి. ఈ వరసకు భిన్నంగా ఒక పిల్లవాడు మూడో తరగతి నుంచి నేరుగా ఐదో తరగతికి వెళితే అది ఊళ్లో చెప్పుకొనే విశేషమౌతుంది. పదకొండేళ్ల పిల్ల రెండో తరగతిలో కూర్చుంటే అదీ చెప్పుకొనే విషయమే. అయితే మొదటిదాన్ని గొప్పగా చెబుతారు, రెండవదాన్ని గొంతు తగ్గించి చెబుతారు. ఈ రెండు సందర్భాల్లోనూ మనం వాడుతున్న కొలమానం వయసే. బిడ్డకు ఏమి వచ్చు అన్నది ఆ తరువాతి ప్రశ్న.

ఈ కొలమానం ఎప్పుడు వచ్చింది, ఎవరికి మేలు చేసింది, ఎవరిని బయట నిలబెట్టింది అన్న విషయాలు తెలియకుండా తరగతి దాటవేత మంచిదా, చెడ్డదా అన్న చర్చ ముందుకు సాగదు. అందువల్ల ముందుగా చరిత్రను, ఆ తరువాత పటాన్‌చెరు ప్రాంతపు వర్తమానాన్ని పరిశీలిద్దాం.

2. వయసుతో పనిలేని బడి

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ పాఠశాలల స్థితిని తెలపవలసిందిగా కలెక్టర్లను కోరాడు. దానికి వచ్చిన సమాధానాల్లో బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక వివరమైనది. తెలుగు వ్యాకరణాన్ని, నిఘంటువును రచించిన పండితుడుగా ఈయన తెలుగు పరిశోధకులకు సుపరిచితుడు. తెలుగు, కన్నడ భాషలు రెండూ బోధింపబడిన ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క చూపాడు.

ఆ నివేదికలో మన చర్చకు ముఖ్యమైన విషయం తరగతుల ఏర్పాటు. పిల్లవాణ్ని ఐదో ఏట బడిలో వేసేవారు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడంతో చదువు మొదలయ్యేది. బడి మొత్తాన్ని సాధారణంగా నాలుగు తరగతులుగా విభజించేవారు. కింది తరగతులను చదువులో ముందున్న పిల్లలే కొంతవరకు చూసుకొనేవారు. పై తరగతులను పంతులు స్వయంగా చూసేవాడు. ఒక తరగతి నుంచి మరొక తరగతికి వెళ్లడం పిల్లవాడి శక్తిని, ప్రగతిని బట్టి జరిగేదని క్యాంప్‌బెల్ స్పష్టంగా రాశాడు. అంటే ఏడాది పూర్తికావాలన్న నియమం లేదు. ఒకరు మూడు నెలల్లో దాటితే మరొకరు రెండేళ్లలో దాటవచ్చు. అటువంటి బడిలో ‘డబుల్ ప్రమోషన్’ అన్న మాటకు అర్థమే ఉండదు. దాటవలసిన సంవత్సరం అంటూ లేదు గనుక దాన్ని దాటవేయడమూ లేదు. చదువులో ముందున్న పిల్లలచేత తక్కినవారికి చెప్పించే ఈ పద్ధతిని మద్రాసులో గమనించిన ఆండ్రూ బెల్ దాన్ని ‘మద్రాసు పద్ధతి’ పేరుతో ఇంగ్లండులో ప్రచారం చేసిన సంగతి విద్యాచరిత్రలో ప్రసిద్ధమే.

అయితే వీధిబడిని ఆదర్శంగా చిత్రించడం సరికాదు. ఆడపిల్లలు అక్కడ దాదాపు లేరు. దళితులకు తలుపు తెరవలేదు. క్యాంప్‌బెల్ నివేదికలోనే మరొక చేదు విషయం ఉన్నది. మధ్య, కింది శ్రేణి కుటుంబాలు పేదరికంలోకి జారడంవల్ల తల్లిదండ్రులు చదువు ఖర్చు భరించలేకపోతున్నారని, లేత వయసులోనే పిల్లల శ్రమ ఇంటికి అవసరమౌతున్నదని ఆయన గుర్తించాడు. బడి వయసును పని తినివేయడం ఆనాడే నమోదైన సమస్య. ఈ వ్యాసంలోని రెండవ పాయకు మూలం అక్కడే ఉన్నది.

3. మెట్ల బడి, మెట్రిక్ వయసు

ఏడాదికొక తరగతి, తరగతికొక గది, గదికొక ఉపాధ్యాయుడు అన్న ఏర్పాటు పందొమ్మిదవ శతాబ్దపు సృష్టి. ప్రష్యా పాఠశాలల నమూనాను అనుసరించి అమెరికాలోని బోస్టన్ నగరంలో 1847లో ఏర్పడిన క్విన్సీ పాఠశాలను ఆ దేశంలో ఇటువంటి తొలి బడిగా పేర్కొంటారు. మనదేశంలో 1854 నాటి వుడ్ విద్యాపత్రం, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయ స్థాపన, ఆ తరువాత ఫలితాలను బట్టి పాఠశాలలకు గ్రాంటు ఇచ్చే పద్ధతి, ఇవన్నీ కలిసి తరగతిని ప్రభుత్వం కొలవగలిగిన ప్రమాణంగా మార్చాయి. ఇన్‌స్పెక్టరు వచ్చి తరగతివారీగా పరీక్షించినప్పుడు పిల్లవాడి ఉత్తీర్ణత బడికి ఆదాయమైంది. తరగతి అన్నది బోధనకు సౌకర్యంగా ఉండడంతోపాటు పద్దుల్లో ఒక అంకెగా కూడా మారింది.

అయినా వయసు వెంటనే బిగుసుకోలేదు. విశాఖపట్నంలో పెరిగిన సి.వి. రామన్ సెయింట్ అలోసియస్ పాఠశాల నుంచి 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్, 13 ఏళ్లకే ఎఫ్.ఏ. పూర్తిచేసి, ఆపైన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ.లో చేరాడు. తొలిరోజు తరగతిలో ఆయనను చూసిన ఆచార్యుడు ఈ చిన్నవాడు నిజంగా బి.ఏ. విద్యార్థేనా అని అడిగిన సంఘటన ఆయన జీవితచరిత్రల్లో కనిపిస్తుంది. తండ్రి కళాశాల అధ్యాపకుడు. ఇంట్లో పుస్తకాలున్నాయి. బడి అడ్డుపడలేదు. ఈ మూడూ కలిసినందువల్ల ఆ ప్రయాణం సాధ్యమైంది.

ఇందుకు పక్కనే మరొక తెలుగువాడి ఉదాహరణ పెట్టి చూడాలి. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి మూడు ప్రయత్నాలు చేయవలసి వచ్చింది. తరువాతి కాలంలో జీవరసాయనశాస్త్రంలో ఆయన చేసిన కృషి ప్రపంచ ప్రసిద్ధం. ముందుగా దాటినవాడు, ఆలస్యంగా దాటినవాడు ఇద్దరూ విజ్ఞానశాస్త్రంలో శిఖరాలే. మెట్రిక్ దాటిన వయసు ప్రతిభకు నమ్మదగిన గుర్తు కాదనడానికి ఈ జంట చాలు.

1902లో నియమితమైన భారత విశ్వవిద్యాలయాల కమిషన్ మెట్రిక్యులేషన్‌కు కనీసం 15 ఏళ్లు ఉండాలని సూచించింది. బట్టీపట్టి చిన్నవయసులోనే పరీక్షలకు కూర్చోవడాన్ని అరికట్టడం ఈ వైఖరి వెనుక ఉన్న ఆలోచన. ఈ రకమైన నియమాలు వచ్చాక వయసు అన్నది బడి పద్దులో రాసే అంకెగా ప్రాణం పోసుకున్నది. పుట్టిన తేదీ నమోదు కాని గ్రామాల్లో ఆ అంకెను నిర్ణయించింది ఎక్కువగా పంతుళ్లే. తెలంగాణ పల్లెల్లో ఒక తరం మొత్తానికి బడి తెరిచే జూన్ నెలలోనే పుట్టినరోజులు కనిపించడానికి కారణం ఇదే. పదో తరగతి నాటికి వయసు సరిపోయేలా వెనక్కి లెక్కకట్టి అడ్మిషన్ రిజిస్టరులో రాసేవారు. అంటే వయసు ఆధారంగా తరగతి నిర్ణయించే వ్యవస్థకు పునాది అయిన వయసే చాలాచోట్ల తరగతి ఆధారంగా కల్పించినది.

హైదరాబాదు రాజ్యంలో పరిస్థితి మరింత సంక్లిష్టం. ప్రభుత్వ బడుల్లో బోధన ఉర్దూలో సాగగా, తెలుగు నేర్పే ఖానగీ బడులపై 1920లలో అనుమతుల ఆంక్షలు పెరిగాయి. 1930లో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ తొలి సమావేశం సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన జోగిపేట నేటి సంగారెడ్డి జిల్లాలోనిదే. ఆ సభలు విద్యను ప్రధాన సమస్యల్లో ఒకటిగా ఎత్తిచూపాయి. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష ఉన్నచోట పిల్లవాడు తరగతిలో వెనకబడితే అది తెలివి తక్కువతనమని ఎలా అనగలం? నేడు పటాన్‌చెరులో ఒడియా, హిందీ మాట్లాడే పిల్లల విషయంలో ఈ ప్రశ్నే మళ్లీ ఎదురౌతున్నది.

4. కుదించిన చదువు: దుర్గాబాయి మార్గం

తరగతి దాటవేతలో రెండవ పాయకు స్పష్టమైన రూపం ఇచ్చినవారు తెలుగువారే కావడం విశేషం. రాజమండ్రిలో 1909లో జన్మించిన దుర్గాబాయికి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుజీవితం గడిపిన తరువాత ఆమె బెనారస్ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షకు స్వయంగా చదువుకొని ఉత్తీర్ణురాలైంది. ఆపైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ., మద్రాసులో న్యాయశాస్త్రం చదివింది. మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళాసభ, బాల్యంలో చదువు పోగొట్టుకున్న స్త్రీలను అదే బెనారస్ మెట్రిక్‌కు సిద్ధం చేసే తరగతులు నడిపింది.

ఇక్కడ జరిగినదేమిటి? ఏ తరగతి నుంచి వచ్చావని కాక, ఏమి వచ్చునని అడిగే ఒక పరీక్ష దొరికింది. ఆ పరీక్షకు కావలసిన జ్ఞానాన్ని పదేళ్లకు బదులు రెండు మూడేళ్లలో అందించే బోధన ఏర్పడింది. పెద్దవయసు విద్యార్థినికి జీవితానుభవం ఉంటుంది, ఎందుకు చదువుతున్నదో స్పష్టత ఉంటుంది, అందువల్ల పాఠం వేగంగా సాగుతుందన్న నమ్మకం దీనికి ఆధారం. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు దుర్గాబాయి తొలి అధ్యక్షురాలు. ఆ బోర్డు 1958లో వయోజన స్త్రీల కోసం సంక్షిప్త విద్యాక్రమాలను ప్రారంభించింది. మద్రాసులో ఒక సంఘం చేసిన ప్రయోగం ఆ విధంగా దేశవ్యాప్త పథకమైంది.

ఈ స్త్రీలు దాటవేసిన తరగతులు ఒకటి రెండు కాదు. అయినా దీన్ని ఎవరూ ‘డబుల్ ప్రమోషన్’ అనలేదు. సంపన్న గృహంలోని బాలుడు ఒక తరగతి దాటితే ప్రతిభ, చదువుకు దూరమైన స్త్రీ ఆరు తరగతులు దాటితే సంక్షేమం అయ్యాయి. విద్యాచరిత్ర రచనలో ఈ రెండింటినీ ఒకే అధ్యాయంలో చదవకపోవడానికి ఈ పేర్ల తేడాయే ప్రధాన కారణం.

5. పారిశ్రామిక ప్రాంతంలో కోల్పోయిన సంవత్సరాలు

హైదరాబాదుకు పశ్చిమాన బొంబాయి రహదారి వెంట 1960లలో రామచంద్రాపురం వద్ద బీహెచ్ఈఎల్ కర్మాగారం, 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్ వచ్చాయి. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, ఆ తరువాత పాశమైలారం పారిశ్రామికవాడలు విస్తరించాయి. కందిలో ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణం కూడా ఈ దారిలోనే ఉన్నది. మెదక్ జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లాగా ఏర్పడింది.

ఈ ప్రాంతపు బడుల్లో రెండు రకాల బాల్యాలు కొద్ది కిలోమీటర్ల దూరంలో కనిపిస్తాయి. శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు, అధ్యాపకుల పిల్లలు ఒకవైపు. ఔషధ, రసాయన, ఉక్కు కర్మాగారాల్లో కాంట్రాక్టు పనికి, ఇటుక బట్టీలకు, నిర్మాణాలకు ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి, తెలంగాణలోని ఇతర జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు మరొకవైపు. బట్టీ పని కాలంతో పాటు కుటుంబం కదులుతుంది, బడి సంవత్సరం దానితో కలవదు. పిల్లవాడు ఊళ్లో రెండు నెలలు మూడో తరగతి, ఇక్కడ నాలుగు నెలలు ఏ తరగతీ కాదు, మళ్లీ ఊళ్లో మూడో తరగతి. చేతిలో రికార్డు షీటు ఉండదు. తెలివి ఉన్నా లేకున్నా సంవత్సరాలు జారిపోతాయి.

ఈ సమస్యకు దారి చూపిన ప్రయోగం పొరుగునే ఉన్న రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో జరిగింది. చరిత్రకారుడు, రాజనీతిశాస్త్రవేత్త మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్, ఆయన మనుమరాలు శాంతా సిన్హా నేతృత్వంలో 1990ల ఆరంభం నుంచి పనిలో ఉన్న పిల్లలను బడికి మళ్లించే శిబిరాలు నడిపింది. పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చోబెడితే ఆమె వారం తిరగకుండా పనికి వెళ్లిపోతుంది. కనుక కొన్ని నెలలపాటు శిబిరంలో ఉంచి, చదవడం, రాయడం, లెక్కలు వేగంగా నేర్పి, తన ఈడువారి తరగతిలో చేర్పించాలి. ఇదే బ్రిడ్జి కోర్సు. ఈ కృషికి శాంతా సిన్హా 2003లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 2009లోని 4వ సెక్షను ఈ ఆలోచననే చట్టంగా మార్చింది. ఆరేళ్లు దాటినా బడిలో చేరని, లేదా మధ్యలో మానేసిన బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. తోటివారితో సమానం కావడానికి ప్రత్యేక శిక్షణ పొందే హక్కు ఆ బిడ్డకు ఉంటుంది. కేంద్రం రూపొందించిన నమూనా నియమాల ప్రకారం ఈ శిక్షణ 3 నెలలకు తగ్గకుండా, 2 సంవత్సరాలకు మించకుండా ఉండాలి. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని 14వ సెక్షను చెబుతుంది.

అంటే భారతదేశంలో తరగతి దాటవేత నేడు ఒక హక్కు. అయితే అది వేగంగా నేర్చినందుకు కాదు, బడికి దూరమైనందుకు. ఇందులో అన్యాయమేమీ లేదు. కాని ఆచరణలో ఒక ప్రమాదం ఉన్నది. ప్రత్యేక శిక్షణ జరగకుండా వయసు చూసి పేరు మాత్రం ఆరో తరగతిలో రాస్తే, చట్టం ఇచ్చిన రెండు భాగాల్లో ఒకటే అమలైనట్లు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడు భిన్నాల పాఠంలో కూర్చొని మౌనంగా ఉండిపోతాడు. అతడు రెండోసారి బడి మానేస్తే, చదువు అబ్బలేదని నింద కూడా మోస్తాడు.

6. ప్రతిభకు రాజ్యం ఇచ్చిన జవాబు

ప్రతిభావంతుడైన గ్రామీణ బాలుని విషయంలో ప్రభుత్వం అనుసరించిన విధానం వేరు. పి.వి. నరసింహారావు చొరవతో 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో ప్రారంభమైన గురుకుల పాఠశాల, 1986 జాతీయ విద్యావిధానం నుంచి పుట్టిన నవోదయ విద్యాలయాలు, ఈ రెండింటిలోనూ సూత్రం ఒక్కటే. తెలివైన పిల్లవాణ్ని పై తరగతికి పంపవద్దు, తనలాంటి తెలివైన తోటివారి మధ్యకు పంపాలి. ఉమ్మడి మెదక్ జిల్లాకు చెందిన నవోదయ వర్గల్‌లో ఏర్పడింది. పటాన్‌చెరు పరిసర గ్రామాల పిల్లలకు ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఒక ఆశగా ఉంటూ వచ్చింది.

తరగతి దాటినవారికి ఈ మార్గం మూసుకుపోతుందన్నది తల్లిదండ్రులు అంతగా గమనించని విషయం. నవోదయ ప్రవేశ నియమాల్లో వయసుకు కింది హద్దు, పై హద్దు రెండూ ఉన్నాయి. పైగా గ్రామీణ కోటాలో పోటీపడే అభ్యర్థి 3, 4, 5 తరగతుల్లో ఒక్కొక్క దానిలో పూర్తి విద్యాసంవత్సరం చదివి ఉండాలి. మూడు నుంచి ఐదుకు దూకిన పిల్లవాడు ఆ దూకుడు వల్లనే అర్హత కోల్పోతాడు.

ఇటువంటి గేట్లు ముందు దారిలోనూ ఉన్నాయి. పదో తరగతి పబ్లిక్ పరీక్షకు ఆ సంవత్సరం ఆగస్టు 31 నాటికి 14 ఏళ్లు నిండాలన్నది సాధారణ నియమం. తక్కువ వయసుకు పరిమితమైన మేర రుసుముతో మినహాయింపు ఇచ్చే పద్ధతి ఉన్నది. వైద్యవిద్య ప్రవేశపరీక్ష నీట్‌కు ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల తరువాత స్థానికత నిర్ధారణకు 1 నుంచి 7వ తరగతి వరకు బోనఫైడ్ పత్రాలు అడుగుతున్నారు. ఆ వరుసలో ఒక తరగతి లేకపోతే అభ్యర్థి ఇరవై ఏళ్ల తరువాత సంజాయిషీ చెప్పుకోవాలి. బాల్యంలో ఆదా చేసిన ఒక సంవత్సరం ఏదో ఒక గేటు దగ్గర నిరీక్షణగానో, కాగితాల సమస్యగానో తిరిగి ఖర్చయ్యే అవకాశం ఉన్నది.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. హైదరాబాదుకు చెందిన అగస్త్య జైస్వాల్ 2015లో 9 ఏళ్లకు పదో తరగతి, 2017లో 11 ఏళ్లకు ఇంటర్మీడియట్, 2020లో 14 ఏళ్లకు డిగ్రీ పూర్తిచేసి వార్తల్లోకి వచ్చాడు. అక్క నైనా జైస్వాల్ అంతకుముందే ఎనిమిదో ఏట కేంబ్రిడ్జి పరీక్ష ద్వారా పదో తరగతి స్థాయిని దాటింది. ఇద్దరికీ ఇంట్లో తల్లిదండ్రులే గురువులు. ఒకరి విషయంలో మన బోర్డు నుంచి, మరొకరి విషయంలో విదేశీ పరీక్షామండలి నుంచి అవకాశం లభించింది. రామన్ కాలం నుంచి నేటి వరకు ప్రతిభావంతుల దాటవేతలో ఈ లక్షణం మారలేదు. బిడ్డ ప్రతిభతోపాటు దాన్ని గుర్తించి, దరఖాస్తు పెట్టి, అధికారుల చుట్టూ తిరగగల ఇల్లు ఉండాలి. పాశమైలారంలో పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చే తండ్రికి ఆ తీరిక ఉండదు. ఆయన బిడ్డ ప్రతిభను గుర్తించవలసింది బడి ఒక్కటే.

7. నిర్ణయానికి ప్రాతిపదిక

అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం 2004లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ నివేదిక, తరగతి దాటిన ప్రతిభావంతులు చదువులో సగటున లాభపడుతున్నారని, సామాజికంగా దెబ్బతింటారన్న భయానికి పరిశోధనల్లో తగిన ఆధారం లేదని వాదించింది. మన ఇళ్లల్లో వినిపించే భయాలకు ఇది కొంత సమాధానం. అయితే ఆ పరిశోధనల్లోని పిల్లలు జాగ్రత్తగా పరీక్షించి ఎంపిక చేసినవారు. ఏప్రిల్‌లో తల్లిదండ్రులు అడిగారని జూన్‌లో తరగతి మార్చిన పిల్లలకు ఆ ఫలితాలను అన్వయించలేము.

చరిత్ర నుంచి మనకు దొరికే ప్రాతిపదికలు నాలుగు. మొదటిది, బిడ్డకు ఏమి వచ్చునో చూడటం. క్యాంప్‌బెల్ చూసిన బడి, దుర్గాబాయి వెతుక్కున్న పరీక్ష, బ్రిడ్జి కోర్సు మూడూ ఈ ప్రశ్నతోనే మొదలయ్యాయి. దాటబోయే తరగతి పాఠాలపై ఆ బిడ్డను పరీక్షించకుండా, ఉన్న తరగతిలో మొదటి ర్యాంకు వచ్చిందని దాటించడం సరికాదు. రెండవది, వంతెన. ఎవరిని దాటించినా మధ్యలోని పాఠాలు నేర్పే వ్యవధి ఉండాలి. చట్టం బడికి దూరమైన బిడ్డకు హామీ ఇచ్చిన ప్రత్యేక శిక్షణ ప్రతిభావంతుడికీ అవసరమే. మూడవది, తిరిగి వచ్చే దారి. ఒక టర్ము చూసి కుదరకపోతే అవమానం లేకుండా వెనుకటి తరగతికి రాగలగాలి. నాలుగవది, రికార్డు. దాటవేత జరిగిన సంవత్సరాన్ని, కారణాన్ని, అనుమతిని అడ్మిషన్ రిజిస్టరులోనూ టీసీలోనూ స్పష్టంగా రాయకపోతే నష్టపోయేది బిడ్డే.

వీటన్నిటికంటే ముందు, మొత్తం తరగతి దాటించడం తప్ప వేరే మార్గం లేదా అని చూడాలి. లెక్కల్లో మాత్రమే ముందున్న నాలుగో తరగతి పిల్లను ఆ ఒక్క పీరియడుకు ఐదో తరగతిలో కూర్చోబెట్టవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2022లో ప్రాథమిక పాఠశాలల్లో ప్రారంభించిన ‘తొలిమెట్టు’ కార్యక్రమం పిల్లలను అభ్యసన స్థాయిని బట్టి గుర్తించి బోధించాలన్న ఆలోచనపై నిలిచినది. రెండు వందల ఏళ్ల కిందటి వీధిబడిలోని సూత్రం ఒక విధంగా తిరిగి వచ్చినట్లే. అయితే ఇప్పటివరకు ఆ దృష్టి వెనకబడినవారిని అందుకోవడంపైనే ఉన్నది. స్థాయిని కొలిచే పద్ధతి చేతిలో ఉన్నప్పుడు ముందున్నవారికీ దాన్ని ఉపయోగించడం కష్టమేమీ కాదు.

ఇక పటాన్‌చెరు వంటి చోట మరొక విషయం గుర్తుంచుకోవాలి. రెండేళ్లు బట్టీల మధ్య తిరిగి వచ్చిన పదకొండేళ్ల పిల్లవాడు మూడు భాషలు మాట్లాడుతుండవచ్చు, ఇటుకల లెక్క నోటితో చెబుతుండవచ్చు. ఆరు నెలల్లో మూడేళ్ల చదువు అందుకున్నాడంటే అతడు కూడా ప్రతిభావంతుడే. మనం అతణ్ని ‘బడిబయటి బాలుడు’ అన్న జాబితాలో రాసి, ఆరో తరగతిలో చేర్చి, పని పూర్తయిందనుకుంటాం. అతని వేగాన్ని ఎవరూ కొలవరు. నవోదయ నియమం అతనికీ వర్తిస్తుంది. 3, 4, 5 తరగతులు వరుసగా చదవని కారణంగా ఆ కోటా అతనికి దక్కదు. గ్రామీణ ప్రతిభ కోసం పెట్టిన నియమం ప్రతిభ ఉన్న వలస బాలుణ్ని బయట నిలబెట్టడం విధానకర్తలు పునరాలోచించవలసిన అంశం.

8. ముగింపు

తరగతి దాటవేత తెలుగునాట కొత్త ప్రశ్న కాదు. ప్రగతిని బట్టి తరగతి మారిన వీధిబడి నుంచి, వయసును బట్టి తరగతి నిర్ణయమయ్యే నేటి బడి వరకు జరిగిన ప్రయాణంలో అది ప్రశ్నగా మారింది. ప్రతిభావంతులకు దాటవేత ఒక మినహాయింపుగా, ఇంటి అండ ఉన్నవారికే అందేదిగా మిగిలింది. దుర్గాబాయి, శాంతా సిన్హా వంటివారి కృషివల్ల బాల్యం కోల్పోయినవారికి అదే దాటవేత సంక్షిప్త విద్యగా, బ్రిడ్జి కోర్సుగా, చివరకు హక్కుగా రూపొందింది.

ఈ రెండు చరిత్రలనూ కలిపి చదివినప్పుడు కలిగే ప్రయోజనం ఆచరణాత్మకమైనది. ఒక ప్రధానోపాధ్యాయుడు ఎనిమిదేళ్ల ఇంజనీరు కూతురి విషయంలోనూ, పదకొండేళ్ల బట్టీ కార్మికుని కొడుకు విషయంలోనూ ఒకే నాలుగు ప్రశ్నలు వేయగలగాలి. బిడ్డకు ఏమి వచ్చు, మిగిలినది ఎవరు నేర్పుతారు, కుదరకపోతే ఏమి చేస్తాం, రిజిస్టరులో ఏమి రాస్తాం? ఈ ప్రశ్నలకు సమాధానం ఉన్నచోట ఒక తరగతి దాటించడం సాహసం కాదు. లేనిచోట వయసు సరిపోయిందని దాటించడమైనా, తెలివి ఉందని దాటించడమైనా బిడ్డను ఒంటరిగా వదిలివేయడమే అవుతుంది. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంత పాఠశాలల అడ్మిషన్ రిజిస్టర్లను, ప్రత్యేక శిక్షణ కేంద్రాల నుంచి చేరిన పిల్లల తదుపరి ప్రయాణాన్ని ఈ దృష్టితో పరిశీలిస్తే తెలంగాణ విద్యాచరిత్రకు విలువైన అధ్యాయం చేరుతుంది.